థైరాయిడ్ రిపోర్టులు బాగున్నా కళ్ల ఉబ్బు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 38. ఖమ్మం జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. ఏడాది కిందట గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం మొదలైతే పరీక్షలు చేసి గ్రేవ్స్ వ్యాధి అన్నారు. అప్పటినుంచి కార్బిమజోల్ వాడుతున్నాను. ఐదు నెలలుగా టీ3, టీ4 మామూలుగానే ఉన్నాయి. కానీ ఎనిమిది నెలల కిందట మొదలైన కళ్ల బాధ పెరుగుతూనే ఉంది. రెండు కళ్లూ ముందుకు వచ్చాయి, ఎడమది ఎక్కువ. ఉదయం లేచేసరికి రెప్పలు ఉబ్బి, కళ్లు ఎర్రబడి, వెనుక నొప్పిగా ఉంటాయి. బోర్డు పైభాగం చూస్తే అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయి. పిల్లలు "టీచర్ గుడ్లురుముతున్నారు" అని భయపడుతున్నారు. డాక్టరుగారు "మీ రోగనిరోధక కణాలే కంటి వెనుక చేరాయి, వారం వారం స్టిరాయిడ్ ఎక్కించాలి" అన్నారు. నా కణాలు నా కళ్ల మీదికే ఎందుకు వస్తాయి? ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు వాడితే తగ్గుతుందా? థైరాయిడ్ తీయించేసినా, అయోడిన్ మందు తాగినా కళ్లు సర్దుకుంటాయా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడ దీనికి కొత్త ఇంజెక్షన్ వచ్చిందంటున్నాడు. నాకు బీపీ, సుగర్ లేవు. మావారికి సిగరెట్ అలవాటుంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, దానికీ ఈ జబ్బు వస్తుందేమోనని దిగులుగా ఉంది.
— ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నింటికీ సమాధానం చెబుతాను గానీ, అంతకంటే ముందు ఒక మాట. రిపోర్టులు బాగానే ఉన్నాయి కదా, ఇంకొన్నాళ్లు చూద్దామని మీరు కంటి చికిత్సను వాయిదా వేస్తున్నారేమోనన్న అనుమానం మీ ఉత్తరం చదువుతుంటే కలిగింది. దయచేసి అలా చేయవద్దు. టీ3, టీ4 అంకెలు థైరాయిడ్ గ్రంథి ఎంత హార్మోను తయారుచేస్తున్నదో చెబుతాయి. కంటి వెనుక రోగనిరోధక కణాలు ఏం చేస్తున్నాయో అవి చెప్పలేవు. రెండు చోట్లా జబ్బుకు మూలం ఒకటే అయినా, కంటిలో అది వేరే లెక్కన నడుస్తుంది. ఆ కణాలు చురుగ్గా ఉన్న కాలంలోనే మందులు బాగా పనిచేస్తాయి, ఆ కాలం దాటిపోయాక అవే మందులు పెద్దగా ఉపయోగపడవు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీరిప్పుడు ఆ కాలంలోనే ఉన్నారు.

మీ కణాలు మీ మీదికే ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు సమాధానం మెడలోని గ్రంథి దగ్గర మొదలవుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోనును పంపుతుంది. థైరాయిడ్ కణాల పైన ఆ హార్మోను వచ్చి అతుక్కోవడానికి రిసెప్టర్లు ఉంటాయి. అతుక్కున్నంత మేరకే థైరాయిడ్ పనిచేస్తుంది. గ్రేవ్స్ వ్యాధిలో బీ-కణాలనే తెల్ల రక్తకణాలు, టీ-కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల ప్రోద్బలంతో, ఈ రిసెప్టరును పరాయి వస్తువుగా భావించి దానికి అతుక్కునే యాంటీబాడీలను తయారుచేస్తాయి. మామూలుగా యాంటీబాడీ తాను పట్టుకున్నదాన్ని నాశనం చేయిస్తుంది. ఇది మాత్రం టీఎస్‌హెచ్ చేసే పనే చేస్తుంది, అంటే గ్రంథిని అదేపనిగా పనిచేయిస్తుంది. పిట్యూటరీ తన హార్మోనును పూర్తిగా ఆపేసినా ఈ తోలకం ఆగదు. ఒకప్పుడు పిట్యూటరీయే అతిగా పనిచేయడం వల్ల ఈ జబ్బు వస్తుందని అనుకునేవారు. 1956లో న్యూజిలాండ్‌కు చెందిన ఆడమ్స్, పర్వెస్ అనే శాస్త్రవేత్తలు రోగుల రక్తంలో టీఎస్‌హెచ్ కంటే చాలా ఎక్కువ సేపు థైరాయిడ్‌ను ప్రేరేపించే మరో పదార్థం ఉందని చూపించారు. అది యాంటీబాడీ అని ఆ తర్వాతి సంవత్సరాల్లో తేలింది. మీరు వాడుతున్న కార్బిమజోల్ గ్రంథిలో హార్మోను తయారీని అడ్డుకుంటుంది కాబట్టి గుండెదడ, వణుకు తగ్గాయి. యాంటీబాడీలు మాత్రం రక్తంలో ఇంకా తిరుగుతూ ఉండవచ్చు. అవి తగ్గడానికి చాలామందిలో ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

ఇక కంటి సంగతి. కనుగుడ్డు ఎముకలతో ఏర్పడిన ఒక గూటిలో ఉంటుంది. ఆ గూటి మొత్తం పరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే. అందులోనే కనుగుడ్డు, దాన్ని తిప్పే ఆరు కండరాలు, కంటి నరం, వీటన్నింటి మధ్య మెత్తగా సర్దినట్టు కొవ్వు ఉంటాయి. ఈ కండరాలనూ కొవ్వునూ పట్టి ఉంచే బంధక కణజాలంలో ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలున్నాయి. ఈ జబ్బులో అసలు కీలకం ఇవే. థైరాయిడ్ కణాల పైన ఉండే టీఎస్‌హెచ్ రిసెప్టర్ కంటి గూటిలోని ఫైబ్రోబ్లాస్టుల పైనా ఉంటుంది. దాని పక్కనే ఐజీఎఫ్-1 రిసెప్టర్ అనే మరొకటి ఉండి, రెండూ జతగా పనిచేస్తాయి. గ్రేవ్స్ రోగుల రక్తంలో ఎముక మజ్జ నుంచి వచ్చే ఫైబ్రోసైట్లనే కణాలు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి కూడా టీఎస్‌హెచ్ రిసెప్టరును ధరించి, కంటి గూటిలోకి చేరి, అక్కడి ఫైబ్రోబ్లాస్టులలో కలుస్తాయి. అంటే థైరాయిడ్ కోసం తయారైన యాంటీబాడీకి, టీ-కణానికి కంటి వెనుక కూడా తెలిసిన గుర్తే కనబడుతుంది. మీ కళ్ల మీద వాటికి ప్రత్యేకంగా పగ ఏమీ లేదు. మీరు తిన్నదాని వల్లో, టీవీ చూసినందువల్లో, బోర్డు రాసినందువల్లో ఇది వచ్చినట్టు కూడా కాదు.

ఇక్కడినుంచి జరిగేది ఒకరినొకరు రెచ్చగొట్టుకోవడం. యాంటీబాడీలు తగిలిన ఫైబ్రోబ్లాస్టులు తామే కొన్ని రసాయనాలను విడుదల చేసి టీ-కణాలను రక్తనాళాల్లోంచి గూటిలోకి పిలుస్తాయి. వచ్చిన సహాయక టీ-కణం తన పైనున్న సీడీ40 లిగాండ్ అనే అణువును ఫైబ్రోబ్లాస్టు పైనున్న సీడీ40కి తాకిస్తుంది. ఇంటర్‌ఫెరాన్-గామా, ఇంటర్‌ల్యూకిన్-17 వంటి సందేశక ప్రోటీన్లనూ వదులుతుంది. వాటికి మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు అనే ఇతర రోగనిరోధక కణాలు తోడవుతాయి. ఇంత ప్రేరణ అందుకున్న ఫైబ్రోబ్లాస్టు ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి తయారుచేసి తిరిగి బీ-కణాలకే బలమిస్తుంది. దానికి తోడు హైల్యురోనిక్ ఆమ్లాన్ని విపరీతంగా ఉత్పత్తి చేస్తుంది. ఈ పదార్థం చిన్న మోతాదులో ఉన్నా, నీళ్లలో వేసిన సబ్జా గింజల మాదిరిగా నీటిని పట్టి జిగురుగా ఉబ్బిపోతుంది. కండరాలు రెండింతలు, మూడింతలు లావెక్కుతాయి. కొన్ని ఫైబ్రోబ్లాస్టులు కొవ్వు కణాలుగా మారి గూటిలో కొవ్వును పెంచుతాయి. చుట్టూ ఎముక ఉండటం వల్ల వెనక్కీ పక్కలకూ చోటు లేదు. తెరిచి ఉన్నది ముందు వైపే కాబట్టి కనుగుడ్డు ముందుకు తోసుకొస్తుంది. రాత్రంతా పడుకున్నప్పుడు గూటిలోని ద్రవం సరిగ్గా కిందికి దిగక నిలిచిపోతుంది. అందుకే మీకు ఉదయం పూట ఉబ్బు, నొప్పి ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి కొంత సడలుతుంటాయి.

మీరు బోర్డు పైభాగం చూసినప్పుడే అక్షరాలు రెండవుతున్నాయని రాశారు. కంటి కండరాలలో ఈ జబ్బు ఎక్కువగా పట్టేది అడుగు వైపు ఉండే కండరాన్ని, ఆ తర్వాత ముక్కు వైపు ఉండేదాన్ని. పైకి చూడాలంటే పై కండరం లాగుతున్నప్పుడు అడుగు కండరం సాగి వదులు కావాలి. వాచి బిగుసుకున్న అడుగు కండరం సాగదు. ఒక కన్ను పైకి వెళ్తుంది, రెండోది మధ్యలో ఆగిపోతుంది, మెదడుకు రెండు బొమ్మలు అందుతాయి. పైకెత్తే కండరం నీరసించిందని, కంటి వ్యాయామాలు చేస్తే బలం వస్తుందని చాలామంది చెబుతారు. ఇక్కడ లోపం బలంలో లేదు, బిగువులో ఉంది. కాబట్టి వ్యాయామాల వల్ల ప్రయోజనం ఉండదు. పిల్లలు గుడ్లురుముతున్నారని అనడానికి కారణం మాత్రం కొంత వేరు. కన్ను ముందుకు రావడంతో పాటు పైరెప్ప వెనక్కి లాగబడి నల్లగుడ్డు పైన తెల్లదనం కనిపిస్తుంది. అందుకే ప్రశాంతంగా ఉన్న మనిషి కూడా కోపంగా చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ మాట మీకెంత బాధ కలిగిస్తుందో నాకు అర్థమవుతుంది. ముఖం మారిపోవడం ఈ జబ్బులో చూపు తగ్గడంతో సమానమైన బాధ. దాన్ని డాక్టరు దగ్గర చెప్పుకోవడానికి మొహమాటపడకండి. చికిత్స నిర్ణయించేటప్పుడు అది కూడా లెక్కలోకి రావాలి. పిల్లలతో కూడా "టీచర్‌కు కళ్లలో వాపు వచ్చింది, కోపం కాదు" అని ఒకసారి తేటగా చెప్పేయండి. వాళ్లు పెద్దలకంటే త్వరగా అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు గడువు మాటకు వస్తాను. 1940లలో రండిల్ అనే వైద్యుడు ఈ కంటి జబ్బు నడకను గమనించి గీసిన వక్రరేఖను ఇప్పటికీ వైద్య విద్యార్థులకు చూపిస్తారు. మొదట కొన్ని నెలలు జబ్బు వేగంగా పెరుగుతుంది, తర్వాత ఒక స్థాయిలో నిలబడుతుంది, ఆ తర్వాత కొద్దిగా తగ్గి అక్కడే ఆగిపోతుంది. చురుకైన దశ సాధారణంగా ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఉంటుంది. ఆ దశలో గూటి నిండా టీ-కణాలు, వాటి రసాయనాలు, నీరు ఉంటాయి. అది చల్లారే సరికి మరికొన్ని ఫైబ్రోబ్లాస్టులు టీజీఎఫ్-బీటా అనే ప్రోటీను ప్రభావంతో మచ్చకట్టే కణాలుగా మారి కొలాజెన్ అనే గట్టి నార పదార్థాన్ని పోగుచేస్తాయి. కండరం గట్టిపడుతుంది. అప్పుడు ఎరుపు, నొప్పి తగ్గుతాయి కానీ కన్ను మాత్రం ముందుకు వచ్చిన చోటే ఉంటుంది, రెండుగా కనిపించడం అలాగే నిలిచిపోతుంది. నొప్పి తగ్గింది కాబట్టి నయమైందని ఆ దశలో చాలామంది సంతోషిస్తారు. నిజానికి రోగనిరోధక కణాలు వెళ్లిపోయి మచ్చ మిగిలిందన్నమాట. మచ్చ మీద స్టిరాయిడ్ పనిచేయదు, అప్పుడు శస్త్రచికిత్సే ముఖ్యమైన దారి.

అందుకే కంటి డాక్టరు ముందుగా తేల్చుకోవలసింది జబ్బు చురుగ్గా ఉందా లేదా అన్నది. దానికి ఏడు అంశాల లెక్క ఒకటుంది. ఊరికే ఉన్నప్పుడు కంటి వెనుక నొప్పి, కన్ను తిప్పితే నొప్పి, రెప్పల ఉబ్బు, రెప్పల ఎరుపు, తెల్లగుడ్డు ఎరుపు, తెల్లగుడ్డు పైపొర నీరు పట్టి ఉబ్బడం, ముక్కు వైపు కంటి మూలలో ఉండే చిన్న కండ వాచి ఎర్రబడటం. వీటిలో మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. మీ ఉత్తరంలోనే నొప్పి, రెప్పల ఉబ్బు, ఎరుపు మూడూ ఉన్నాయి. రెండుగా కనిపించడం కూడా ఉంది కాబట్టి ఇది స్వల్పమైన స్థాయిని దాటింది. ఎడమ కన్ను ఎక్కువగా ముందుకు రావడం ఈ జబ్బులో అరుదేమీ కాదు. అయినా కంటి వెనుక గడ్డ వంటిది మరేదీ లేదని తేల్చుకోవడానికి ఒకసారి స్కానింగ్ అవసరం. ఎంఆర్ఐలో కండరం నీటితో వాచి ఉందా, మచ్చకట్టి ఉందా అన్నది కూడా చాలావరకు తెలుస్తుంది. టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్షను కూడా చేయించండి. అది ఎక్కువగా ఉన్నవారిలో కంటి జబ్బు తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. జుట్టు ఊడుతోందని చాలామంది బయోటిన్ మాత్రలు మింగుతున్నారు. కొన్ని ప్రయోగశాలల పద్ధతుల్లో బయోటిన్ వల్ల థైరాయిడ్ అంకెలు, యాంటీబాడీ అంకె తప్పుగా వస్తాయి. మీరు వాడుతుంటే డాక్టరుకు చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

ఇమ్యూనిటీ పెంచే పొడుల గురించి సూటిగా చెబుతాను: ఇప్పుడు వద్దు. కరోనా తర్వాత ప్రతి జబ్బుకూ రోగనిరోధక శక్తి తక్కువ కావడమే కారణమన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిపడిపోయింది. మీ జబ్బులో టీ-కణాలకు, బీ-కణాలకు శక్తి తక్కువేమీ కాలేదు. అవి పొరపాటు గుర్తును పట్టుకుని అక్కరలేని చోట పనిచేస్తున్నాయి. వాటిని మరింత రెచ్చగొట్టగలిగే మందేదైనా నిజంగా ఉంటే అది మీకు హాని చేస్తుంది, ఏ ప్రభావమూ లేనిదైతే డబ్బు దండగ. ముఖ్యంగా అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచిన సందర్భాలు, కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. రేపు మీకు స్టిరాయిడ్ ఎక్కించే ముందు కాలేయం బాగుండటం చాలా అవసరం. ఇంట్లో కాచుకునే మిరియాల చారుకో, అల్లం టీకో నాకు అభ్యంతరం లేదు. అయోడిన్ కలిపిన మామూలు ఉప్పు మానేయాల్సిన పని లేదు. సముద్రపు నాచు మాత్రలు, అయోడిన్ చుక్కలు మాత్రం తీసుకోవద్దు.

సెలీనియం గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఐరోపాలో జరిగి 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోజుకు రెండుసార్లు 100 మైక్రోగ్రాముల చొప్పున ఆరు నెలలు ఇస్తే స్వల్ప స్థాయి కంటి జబ్బున్నవారికి మేలు జరిగింది. మీది ఆ స్థాయి దాటింది కాబట్టి దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

మీ డాక్టరుగారు చెప్పిన చికిత్స సరైన దారిలోనే ఉంది. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్‌ను సెలైన్‌లో కలిపి వారానికి ఒకసారి ఎక్కిస్తారు. ఐరోపా నిపుణుల బృందం 2021లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం సాధారణంగా మొదటి ఆరు వారాలు 500 మిల్లీగ్రాముల చొప్పున, తర్వాతి ఆరు వారాలు 250 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం 4.5 గ్రాములు ఇస్తారు. ఈ మందు రోగనిరోధక కణాల లోపలికి వెళ్లి, అవి సందేశక ప్రోటీన్లను తయారుచేయకుండా ఆపుతుంది, కొన్ని టీ-కణాలు చచ్చిపోయేలా చేస్తుంది, ఫైబ్రోబ్లాస్టుల హైల్యురోనిక్ ఆమ్లం తయారీని తగ్గిస్తుంది. నెలల తరబడి మాత్రలు మింగడంకంటే ఇలా ఎక్కించుకోవడం వల్ల ఫలితం ఎక్కువ, దుష్ప్రభావాలు తక్కువ. అయితే మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్షలు, హెపటైటిస్-బి పరీక్ష, సుగర్, బీపీ చూడాలి. మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి ఊపిరితిత్తుల్లో పాత క్షయ జాడ ఉందేమో కూడా చూడాలి, ఎందుకంటే రోగనిరోధక కణాలను అణచినప్పుడు నిద్రపోతున్న క్షయ లేచే ప్రమాదముంది. ఎక్కించే వారాల్లో కూడా కాలేయ పరీక్షలు మధ్యమధ్య చేయాలి. ఈ మందును మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని సొంతంగా వాడటం, చుట్టుపక్కల ఎవరో ఇంజెక్షన్ చేస్తారంటే ఒప్పుకోవడం చాలా ప్రమాదం. స్టిరాయిడ్ కంటిచుక్కలు కూడా ఈ జబ్బుకు పనికిరావు. అవి కంటి వెనుకకు చేరవు సరికదా, ఎక్కువ రోజులు వేసుకుంటే కంటి ఒత్తిడి, శుక్లం తెచ్చిపెడతాయి.

స్టిరాయిడ్‌తో పాటు మైకోఫెనొలేట్ అనే మాత్రను కూడా కొందరికి జతచేస్తారు. టీ-కణాలు, బీ-కణాలు విభజన చెందడానికి కావలసిన ఒక ముడిసరుకు తయారీని అది అడ్డుకుంటుంది. గర్భంలోని శిశువుకు అది హాని చేస్తుంది కాబట్టి ఆ సమయంలో గర్భం రాకుండా చూసుకోవాలి. కండరాల కదలిక దెబ్బతిన్న చురుకైన దశలో కంటి గూటికి తక్కువ మోతాదులో రేడియేషన్ ఇవ్వడం మరో పద్ధతి. టీ-కణాలు రేడియేషన్‌కు తేలిగ్గా లొంగుతాయన్నదే దాని వెనుకనున్న ఆలోచన. ఏ కణాన్ని ఆపితే ఏం జరుగుతుందన్నది కాగితం మీద కనిపించినంత సులభం కాదని చెప్పడానికి రిటుక్సిమాబ్ ఉదాహరణ చాలు. బీ-కణాలను తుడిచిపెట్టే ఈ మందును పరీక్షించిన రెండు అధ్యయనాలు 2015లో వెలువడ్డాయి. ఇటలీలో చేసినదాంట్లో మేలు కనిపించింది, అమెరికాలో చేసినదాంట్లో ఏ మేలూ కనిపించలేదు. అమెరికా అధ్యయనంలోని రోగులకు జబ్బు మొదలై ఎక్కువ కాలమైంది. యాంటీబాడీలను కుమ్మరించే ప్లాస్మా కణాలు ఈ మందుకు దొరకవన్న సంగతి కూడా ఉంది. నేను ఇందులోంచి మీకోసం తీసుకునే పాఠం ఆలస్యం గురించినదే. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ స్టిరాయిడ్‌కు లొంగనివారికి కొన్ని కేంద్రాల్లో ఇస్తున్నారు. మీకు ఇప్పుడే ఆ ఆలోచన అక్కర్లేదు.

మీ తమ్ముడు చెప్పిన ఇంజెక్షన్ టెప్రోటుముమాబ్ అయి ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జనవరిలో దానికి అనుమతి ఇచ్చింది. నేను పైన చెప్పిన ఐజీఎఫ్-1 రిసెప్టరును అది మూసేస్తుంది కాబట్టి, యాంటీబాడీలు వచ్చినా ఫైబ్రోబ్లాస్టు స్పందించదు. మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది సార్లు ఎక్కిస్తారు. కన్ను ముందుకు రావడాన్ని తగ్గించడంలో స్టిరాయిడ్ కంటే ఇది చాలా మెరుగు. అనుమతికి ఆధారమైన పరీక్షలో కన్ను కనీసం 2 మిల్లీమీటర్లు వెనక్కి తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 83 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 10 శాతం. కానీ వినికిడి తగ్గడం, చెవుల్లో హోరు, సుగర్ పెరగడం, కండరాల పిక్కలు పట్టడం దీని దుష్ప్రభావాలు. మానేశాక కొందరిలో జబ్బు తిరగబెడుతుంది. ఒక పూర్తి కోర్సు ఖర్చు అమెరికాలో లక్షల డాలర్లు. దానికోసం అప్పులు చేయడంగానీ, ప్రయాణం ఏర్పాటు చేసుకుంటూ ఇక్కడ దొరికే చికిత్సను ఆపుకోవడంగానీ చేయవద్దు. తమ్ముడు మీ మీద ప్రేమతోనే చెప్పాడు, అయినా మీకు ఈ వారంలో కావలసినది మీ డాక్టరు దగ్గరే ఉంది.

థైరాయిడ్‌ను వదిలించుకుంటే కళ్లు బాగవుతాయా అన్నది మీ మరో ప్రశ్న. అయోడిన్ మందు ఇప్పుడు మీకు తగదు. ఆ మందు, అంటే రేడియేషన్ వెలువరించే రేడియో అయోడిన్, థైరాయిడ్ కణాలను నాశనం చేసేటప్పుడు వాటి లోపలి ప్రోటీన్లు రక్తంలోకి చిమ్మి, రోగనిరోధక కణాలు మళ్లీ రేగి, యాంటీబాడీలు నెలల తరబడి పెరుగుతాయి. 1998లో ఇటలీ వైద్యులు 443 మంది మీద చేసిన అధ్యయనంలో రేడియో అయోడిన్ తీసుకున్నవారిలో సుమారు 15 శాతం మందికి కంటి జబ్బు కొత్తగా రావడమో ముదరడమో జరిగింది. మాత్రలు వాడినవారిలో అది 3 శాతమే. శస్త్రచికిత్సతో గ్రంథిని తీయించుకోవడం వల్ల కళ్లకు అలాంటి హాని లేదు గానీ, గ్రంథి పోయినంత మాత్రాన కంటి గూటిలో చేరిన టీ-కణాలు వెనుదిరిగి పోవు. వేరే కారణాలకు ఆ ఆపరేషన్ అవసరమైతే సంగతి వేరు. ప్రస్తుతం కార్బిమజోల్‌ను ఆపకుండా వాడండి. హార్మోను ఎక్కువైనా కళ్లకు చేటే, మందు మోతాదు మించి హార్మోను తక్కువైనా చేటే. అందుకని రెండు నెలలకొకసారైనా పరీక్ష చేయించుకుంటూ, మీ ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు), కంటి డాక్టరు ఒకరి చీటీ ఒకరు చూసేలా మీరే రెండు ఫైళ్లూ పట్టుకుని వెళ్లండి. కంటి డాక్టర్లలో కూడా కంటి గూడు, రెప్పల శస్త్రచికిత్సల్లో శిక్షణ పొందినవారు ఉంటారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అందుకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ ఒకసారి చూపించుకుని, వారు రాసిచ్చిన ప్రకారం స్టిరాయిడ్‌ను ఖమ్మంలోనే మీ డాక్టరు పర్యవేక్షణలో ఎక్కించుకునే వీలుంటుందేమో అడగండి.

మావారికి సిగరెట్ అలవాటుంది అని మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసేశారు. నా దృష్టిలో మీ ఉత్తరంలోని ముఖ్యమైన వాక్యాల్లో అదొకటి. గ్రేవ్స్ ఉన్నవారికి కంటి జబ్బు రావడానికీ, ముదరడానికీ, చికిత్సకు లొంగకపోవడానికీ పొగాకు కంటే పెద్ద బాహ్య కారణం మరొకటి తెలియదు. సిగరెట్ పొగలోని పదార్థాలు తగిలిన ఫైబ్రోబ్లాస్టులు హైల్యురోనిక్ ఆమ్లాన్ని, కొవ్వును మరింతగా తయారుచేస్తాయని ప్రయోగశాలల్లో చూశారు. పక్కవాళ్లు పీల్చే పొగ కూడా నివారించవలసిందే. ఈ పేరా మీవారికి చదివి వినిపించండి. అయ్యా, మీరు పూర్తిగా మానగలిగితే ఇద్దరికీ మంచిది. మానేవరకు ఇంట్లో, కారులో, ఆమె పక్కన కూర్చుని కాల్చవద్దు. వరండాలో కాలిస్తే సరిపోతుందనుకోకండి, పొగ ఇంట్లోకి వస్తుంది.

చికిత్స పనిచేసేలోగా తలవైపు మంచాన్ని కొంచెం ఎత్తు చేసుకుని పడుకోండి. పగలు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, రాత్రి కంటి లేపనం వాడండి. నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో మీ అమ్మాయిని చూడమనండి. మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. రెండుగా కనిపించడానికి ప్రిజం అద్దాలు కొంత సాయపడతాయి. క్లాసులో మరీ ఇబ్బందైతే ఒక కంటద్దానికి తెల్ల టేపు అంటించుకోవచ్చు. బండి నడపవద్దు. జబ్బు చల్లారి కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాక, కన్ను ఇంకా ముందుకే ఉంటే గూటి ఎముకలో చోటు పెంచే ఆపరేషన్, ఆ తర్వాత మెల్లకు, చివరగా రెప్పలకు, ఈ వరుసలో చేస్తారు. వరుస మారితే ముందు చేసినది చెడుతుంది. మీకు ఇవేవీ అవసరం కాకపోవచ్చు.

అయితే ఒక సంగతిలో మాత్రం వారం వారం లెక్కలు పనికిరావు. రంగులు, ముఖ్యంగా ఎరుపు, ఒక కంటికి వెలిసిపోయినట్టు కనిపించినా, రెప్ప ఆర్పినా పోని మసక వచ్చినా, చూపులో ఒక భాగం చీకటిగా ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చతో నొప్పి వచ్చినా అదేరోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. తెల్లమచ్చ నల్లగుడ్డు మీద పుండుకు గుర్తు. మిగతావి వాచిన కండరాలు గూటి వెనుక ఇరుకైన చోట కంటి నరాన్ని నొక్కడం మొదలైతే కనిపించేవి. నరం అలా నొక్కుకుంటే వెంటనే ఎక్కువ మోతాదు స్టిరాయిడ్, అవసరమైతే ఆపరేషన్ చేస్తేనే చూపు నిలుస్తుంది. రోజుకొకసారి ఒక్కో కన్ను మూసి, గోడమీద క్యాలెండర్‌లోని ఎర్ర అంకెలను చూసే అలవాటు చేసుకోండి. రెండు కళ్లకూ ఒకే ఎరుపు కనిపించాలి.

మీ అమ్మాయి సంగతి. గ్రేవ్స్ వ్యాధి ఉన్నవారి పిల్లలకు, తోబుట్టువులకు థైరాయిడ్ ఆటోఇమ్యూన్ జబ్బులు (సొంత రోగనిరోధక కణాలే థైరాయిడ్ మీదికి వచ్చేవి) వచ్చే అవకాశం మిగతావారికంటే కొంత ఎక్కువే. అయినా ఎక్కువమందికి రావు, వచ్చినా అందరికీ కళ్లకు సోకదు. లక్షణాలేమీ లేని పిల్లకు యాంటీబాడీ పరీక్షలు చేయించి ఇప్పటినుంచే భయపెట్టనవసరం లేదు. ఆకలి బాగుండీ బరువు తగ్గుతున్నా, గుండె దడదడలాడుతున్నా, చేతులు వణుకుతున్నా, చదువు మీద ధ్యాస నిలవక చిరాకు పడుతున్నా, గొంతు దగ్గర ఉబ్బు కనిపించినా అప్పుడు టీఎస్‌హెచ్, టీ4 చేయించండి. పెద్దయ్యాక గర్భం ధరించేటప్పుడు తల్లికి గ్రేవ్స్ ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పాలని ఆమెకు తెలిసుంటే చాలు.